ఎవరి మనిషీ కాని డాక్టరు

“తగిల్నాది బాబూ,” అన్నాడు ఎల్లాజీ, మూసిన కళ్లు తెరవకుండానే. దూది తగల్లేదు. డాక్టరుగారి చేయి గాలిలోనే ఉంది. రెండు వేళ్ల మధ్య పేనిన దూదిపోచ ఎల్లాజీ అరచేతికి జానెడు ఎత్తున ఆగి ఉంది. కిటికీ వెలుతురులో దాని కొస కూడా నాకు కనపడుతూనే ఉంది. ఆయన పోచను దించి, చిటికెనవేలు పోగా మిగిలిన మొద్దు పక్కన, అరచేతి అంచు మీద మెల్లగా రాశారు. ఎల్లాజీ పలకలేదు. ఇంకా ఎప్పుడు తగిలిస్తారా అని ఎదురుచూసే మొహంతో అలాగే కూర్చున్నాడు. మణికట్టు దాకా రాశారు. పలకలేదు. తరవాత ఆయన చేయి పూర్తిగా తీసేసి ఊరకే నిలబడ్డారు. ఆ మౌనానికి బెదిరాడు కాబోలు, “ఇదుగో, ఇప్పుడు తగిల్నాది,” అన్నాడు మళ్లీ. గోడవారగా బల్ల మీద కూర్చున్న నేను ముందుకి వంగాను. అబద్ధమాడుతున్నాడు. కానీ తప్పు వైపుకి ఆడుతున్నాడు. చేయి పనికిరాదు అని రాయించుకోవడానికి వచ్చినవాడు తగల్లేదు తగల్లేదు అనాలి గదా. వీడెందుకు తగిలింది అంటున్నాడు? ఎవరి దగ్గర దాస్తున్నాడు? పక్కింట్లో వీణలు చేసేవాళ్లున్నారు, పనస దుంగను బాడిసతో తొలుస్తున్న చప్పుడు, టక్కు టక్కు. ఒక్కో దెబ్బకీ నా ఒళ్లు అదిరింది. ఎల్లాజీ ఆ చప్పుడైనా వింటున్నట్టు లేదు.

ఎల్లాజీ నా చెల్లెలు దాలమ్మ మొగుడు. విజయనగరం అవతల జూటు మిల్లులో పని. మేం చేలో పండించి, గుంటలో నానేసి, ఒలిచి, ఆరేసి పంపే గోగునారను అక్కడ పెద్ద పెద్ద రోలర్ల మధ్యకి తోసి మెత్తబరుస్తారు. తోసేవాళ్లలో వీడొకడు. వేసవిలో రోలరు వీడి చిటికెనవేలినీ, ఉంగరం వేలినీ తీసుకుపోయింది. మిల్లులో దెబ్బ తగిలితే మిల్లే ఇచ్చుకోవాలని చట్టం ఉంది. పోయిన రెండు వేళ్లకీ ఇస్తాం అన్నారు వాళ్లు. మిగిలిన మూడు వేళ్లూ సరిగా వంగవు, పట్టు లేదు, గుండీ పెట్టుకోలేడు, చేయి మొత్తం పోయినట్టే గదా అన్నాం మేం. మిల్లు డాక్టరు, మిగతా చేయి నిక్షేపంగా ఉంది, పని చేయడానికి బద్ధకం అని రాసిచ్చాడు. విశాఖపట్నంలో కూలీల తగవులు చూసే ఆఫీసరు ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, మీ తరఫున ఇంకో డాక్టరు చేత పరీక్ష చేయించుకు రండి, మీ మనిషీ మిల్లు మనిషీ కాకుండా ఉంటే నేను నమ్మడానికి బాగుంటుంది అన్నాడు. ఎవరి మనిషీ కాని డాక్టరు. ఆ మాట పట్టుకుని నేను వర్షాకాలమంతా తిరిగాను. యూనియన్ గంగులు నవ్వాడు. “ఎందుకు మావా ఈ తిప్పలు, మనోడున్నాడు గదా. తలకాయెత్తడు, రాసెత్తాడు. సెయ్యి నేదంటే నేదు, తల నేదన్నా నేదనే రాత్తాడు,” అన్నాడు. మనకి తలెత్తకుండా రాసేవాడు రేపు మిల్లువాడికీ తలెత్తకుండానే రాస్తాడు, అలాంటి కాగితాన్ని ఆ ఆఫీసరు ఎందుకు నమ్ముతాడు అన్నాను. మా ఇంట్లో నా మాటకి ఎదురు లేదు. ఎద్దుకీ, పిల్లకి సంబంధానికీ, బావి తవ్వే చోటుకీ నన్నే పంపుతారు. ఎక్కువ మాట్లాడడు, చూస్తాడు అని పేరు.

చూస్తాను. నిజమే. చీపురుపల్లి సంతలో అమ్మేవాడి మాట వినను, బేరగాడి మాట అసలే వినను. ఆ మనిషి దగ్గర అంతకుముందు ఎద్దును కొని నష్టపోయినవాడెవడా అని వెతుకుతాను. బాగుపడ్డవాడు పొగుడుతాడు, అందులో సగం వాడి సొంత తెలివి గురించే ఉంటుంది. నష్టపోయినవాడు తిడతాడు, ఆ తిట్లలో ఎద్దు గుణం తెలిసిపోతుంది. డాక్టర్ని కూడా అలాగే వెతికాను. బొబ్బిలిలో లక్ష్మీనరసింహంగారని, సర్కారు ఆసుపత్రిలో చేసి దిగిపోయినాయన ఉన్నారంటే, ఆయన వల్ల ఓడిపోయినవాడి కోసం వాకబు చేశాను. మాంగనీసు గనిలో కాలు విరిగిన కూర్మయ్య దొరికాడు, తాటిచెట్టు మొదట్లో మోకు సరిచేసుకుంటూ. “ఆ బాపనయ్యా? నా నోట్లో మన్ను కొట్టీసినాడు. కాలు బాగైపోనాదని రాసీనాడు,” అన్నాడు. మరి బాగయిందా అని అడిగాను. “బాగైపోనాది గదేటి మరి,” అని ఆ కాలే ముందు పెట్టి చెట్టెక్కిపోయాడు. నేను పైకి చూస్తూ అక్కడే నిశ్చయం చేసుకున్నాను. ఇంటికొచ్చి చెబితే దాలమ్మ చేటలో బియ్యం ఏరుతూ, “ఆయన మంచోడేనా అన్నా?” అంది. మంచోడో కాదో తెలీదమ్మా, ఉన్నది రాస్తాడు అన్నాను. “ఉన్నది రాత్తే సాలు గదా, ఇంకేటి కావాల,” అంది. ఉన్నది. ఇప్పుడు బొబ్బిలిలో, తన గదిలో, డాక్టరుగారు సూది తీశారు, కుట్టుపని సూది, దాని మొనా, వెనక భాగమూ మార్చి మార్చి తాకిస్తూ “ఏది గుచ్చుకుంది, ఏది గుచ్చుకోలేదు, చెప్పు,” అంటున్నారు. ఎల్లాజీ ఒకసారి ఇదీ, ఒకసారి అదీ అంటున్నాడు, బొమ్మా బొరుసా ఆడినట్టు. సూది మొన దగ్గర నెత్తురు చుక్క పైకి వచ్చింది. “ఇది మొద్దు వైపే బాబూ,” అన్నాడు ఎల్లాజీ.

పొద్దున రైల్లో ఈగ వాలింది. విజయనగరంలో ఎక్కాం, గజపతినగరం దాటాక ఎదురు బల్ల మీద పోలీసులు కునుకుతున్నారు. ఈ మధ్య కొండల్లో గొడవల వల్ల ఏ బండిలో చూసినా వాళ్లే. ఎల్లాజీ కిటికీ దగ్గర కూర్చుని, ఆ చేతిని తొడ మీద వెల్లకిలా పెట్టుకున్నాడు. ఈగ వచ్చి అరచేతి మధ్యలో, ఇంకా ఆరని పుండు మీద వాలింది. నడిచింది. ఆగి ముందుకాళ్లు రుద్దుకుంది. వాడు బయట తాటితోపుల్ని చూస్తున్నాడు. నేను ఈగనే చూస్తున్నాను. పుండు పచ్చిగా ఉన్న చోట ఈగ వాలితే పసిపిల్లాడు కూడా చేయి విదిలిస్తాడు. ఎద్దును కొనేటప్పుడు నేను పళ్లు చూడకముందే దాని పక్కన ఊరకే నిలబడతాను, ఈగ వాలేదాకా. వాలిన చోట తోలు జలదరించాలి. జలదరించని ఎద్దును పైసాకి కొనను. ఈ సంగతి తెలియని కుర్రాళ్లకి నేనే చెబుతుంటాను. అలాంటి నేను ఈగను చూశాను, చేతిని చూశాను, పాపం, రాత్రి నిద్రలేదు కాబోలు అనుకున్నాను. నా చేత్తో నేనే ఈగను తోలాను. అంతటితో మరిచిపోయాను. మనిషి తోలును ఎద్దు తోలులా చూడాలని ఎవరికి తడుతుంది? ఎవరికీ తట్టదు అనుకుందామంటే, ఇదుగో ఈయనకి తట్టింది, ఎల్లాజీ గుమ్మంలోంచి వచ్చి కుర్చీలో కూర్చునే లోపలే తట్టింది, అందుకే గాయం వైపు చూడకుండా ముందు దూది అందుకున్నారు.

రోలరు పట్టినప్పుడు కూడా వీడు అరవలేదట. పక్కన పనిచేసేవాడు చెప్పాడు, నార ఎర్రగా తడిసి అవతలికి వస్తే అదేంటిరా అని వాడే ముందు అడిగాడట, అప్పుడు ఎల్లాజీ తన చేయి చూసుకున్నాడట. ఎంత గుండెరా నీది అని మిల్లంతా అనుకుంది. మేమూ అనుకున్నాం. మా ఊళ్లో ఆ మాట అప్పటికే పాతది. అమ్మవారి పండగలో నిప్పుల ఘటం ఎత్తేది ఎల్లాజీయే. కొత్త కుండ నిండా చింతనిప్పులు పోసి, దాన్ని రెండు చేతుల మీదా పెట్టుకుని ఊరు చుట్టాలి. ఎవరు ఎత్తినా కుండ కింద వేపమండలు దట్టంగా మడిచి పెట్టుకుంటారు, తప్పు లేదు, అమ్మ కూడా ఏమీ అనుకోదు. వీడు మొదటిసారి ఎత్తిన ఏడే ఆ మండలు తీసి పక్కన పారేశాడు. వట్టి చేతుల మీద కుండ. డప్పులు ఆగిపోయాయి. ముసలి మరిడమ్మ, ఊరికి అమ్మవారి మాట చెప్పేది, జుట్టు విరబోసుకుని అడ్డంగా వచ్చి, “తల్లి ఈడి అరసేతుల్లో కూకున్నాదిరా, దండమెట్టండిరా,” అంది. నాకంటే చిన్నవాడికి, నా చెల్లెలి మొగుడికి, అందరితోపాటు నేనూ దండం పెట్టాను. అప్పటినుంచి అమ్మవారికి కోసిన వేట మాంసంలో మొదటి వాటా వాళ్లింటికే. పిల్లలు పుట్టని ఆడవాళ్లు వచ్చి వాడి చేత కడుపు మీద చేయి వేయించుకునేవాళ్లు. పండగ మర్నాడు అరచేతుల నిండా పొక్కులు లేస్తే దాలమ్మ పసుపు మెత్తి, అమ్మ ముద్దు పెట్టిందని కళ్లకి అద్దుకునేది. పొయ్యి మీంచి గంజికుండను మసిగుడ్డ లేకుండా దించడం, బీడీ చివరికంటా కాలి వేలి సందున ఆరిపోవడం, అన్నీ నా కళ్ల ముందు జరిగినవే. అన్నిటికీ మా దగ్గర ఒకటే జవాబు ఉండేది. ఎల్లాజీ చేతులు కదా.

“చొక్కా తీయవయ్యా,” అన్నారు డాక్టరుగారు. గుండీలు వాడికి రావు, నేను లేచి విప్పాను. నా వేళ్లు వాడి మెడ దగ్గర తగిలితే వెనక్కి లాక్కున్నాయి, నేను చెప్పకుండానే. అది డాక్టరుగారు చూశారు. ఎల్లాజీ కూడా చూశాడు. ఆయన మాత్రం వాడి మోచేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుని, పసికందు తల పట్టుకున్నట్టు పట్టుకుని, లోపలి గాడిలో వేలుతో వెతికారు. నా చేయి లాగి అక్కడ పెట్టించారు. తోలు కింద నరం తగిలింది, పలుపుతాడులా, ముడులుగా. “నీ మోచేతిలో నీది చూసుకో,” అన్నారు. చూసుకున్నాను. సన్నగా, జారిపోతూ, నొక్కితే చిటికెనవేలి దాకా జిల్లుమంది. అలా జిల్లుమన్నందుకు సిగ్గుపడ్డాను. వాడి వీపు మీద, రెక్క ఎముక కింద, దోసగింజ రంగులో ఒక మచ్చ ఉంది. దాని మీద చెమట లేదు. చుట్టూ చెమట మెరుస్తోంది, అది ఒక్కటే వానలో తడవని రాయిలా పొడిగా ఉంది. ఈ మచ్చను నేను ఏటిలో స్నానం చేసేటప్పుడు చూశాను, తామర అనుకున్నాను, గంధకం రాయరా అన్నాను. చూస్తాడు అని పేరు నాకు. డాక్టరుగారు చేతులు కడుక్కోలేదు, కుర్చీలో కూర్చుని, మామూలు గొంతుతో, “కుష్ఠు,” అన్నారు.

మా ఊళ్లో ఆ మాట ఎవరూ అనరు. పెద్దరోగం అంటాం, అదీ గొంతు తగ్గించి. గోగు నానేసే గుంటకి అవతల ఒకాయన ఉండేవాడు, నా చిన్నప్పుడు. కంపు కొట్టే గుంట పక్కన ఇంకో కంపు తెలియదని అక్కడ పాక వేశారు. గట్టు మీద ఆకులో అన్నం పెట్టి, కేకేసి, పరిగెత్తుకొచ్చేవాళ్లం. ఆయనకి పేరుండేది, నేను ఎప్పుడూ వినలేదు. నష్టపరిహారం అని వచ్చాం. చేయి పోయిందని రాయించుకోవాలని వచ్చాం. డాక్టరుగారు చెబుతున్నారు, నా చెవిలో కొన్ని పడుతున్నాయి, కొన్ని పనస దుంగ మీద పడుతున్నాయి. తెల్ల మాత్రలున్నాయట. ఏళ్ల తరబడి మింగాలట. మింగితే ఇంకొకరికి అంటదు, ఇంకో వేలూ పోదు, చచ్చిన చోటికి మాత్రం ప్రాణం తిరిగి రాదు. ఈ జబ్బుకే ఉన్న ఆసుపత్రికి నెలనెలా వెళ్లాలి, అక్కడ పేరు రాయించుకోవాలి. “ఇక మీ కాగితం సంగతి,” అన్నారు. “రెండు వేళ్లు యంత్రం తీసింది. రాస్తాను. మిగతా చేయి యంత్రం తీయలేదు, అంతకుముందే పోయింది. అదీ రాస్తాను. ఎందుకు పోయిందో రాయకపోతే ఆఫీసరు అడుగుతాడు, అదీ రాస్తాను. సగం రాయడం నాకు చేతకాదు. వద్దంటే అసలే రాయను. ఈ మాట ఈ గది దాటదు. మీరిద్దరూ ఆలోచించుకోండి.”

ఆలోచించడానికేముంది. రాస్తే మిల్లువాళ్లు ఆ రెండు వేళ్లు కూడా రోగమే తిన్నదంటారు, గేటులోకి రానివ్వరు. ఊళ్లో ఘటం ఎత్తిన చేతులు ఇవీ అని తెలిసిన రోజున, కడుపు మీద చేయి వేయించుకున్న ఆడవాళ్ల మొగుళ్లు కర్రలు పట్టుకొస్తారు. దాలమ్మ నూతి దగ్గరికి వెళితే మిగతా బిందెలు పక్కకి జరుగుతాయి. రాయకపోతే, సాయంత్రం బండికి వెనక్కి పోతాం, గంగులు ఉన్నాడు, తలెత్తని డాక్టరు ఉన్నాడు, చేయి మొత్తం మిల్లు తీసిందని రాస్తాడు, ఆఫీసరు నమ్మితే నమ్ముతాడు. మనకి నోరు మూసుకోవడమే పని. నాకు చేతనైన పని అదొక్కటే. ఇన్నాళ్లూ వెతికి వెతికి, ఓడినవాడి చేత తిట్టించి, ఎవరి మనిషీ కానివాణ్ని పట్టాను గదా, ఇప్పుడు ఆయన మావాడు కూడా కాదని తెలిసింది. వద్దు బాబూ అనడానికి నోరు తెరిచాను.

“నాకు తెల్సు బావ,” అన్నాడు ఎల్లాజీ.

నేలకేసి చూస్తూ అన్నాడు. ఏటి తెలుసురా అన్నాను, నా నోట్లో కూడా మా ఇంటి మాటే వచ్చింది. “ఇదే. పేరు తెలీదు, సెయ్యి నాది కాదని తెల్సు. ఘటం ఎత్తక ముందు నించే. మండలు ఎందుకు పారీసినాననుకున్నావు? కాల్తాదో నేదో సూద్దారని. కాల్నేదు.” అరచేతిని తిప్పి చూసుకున్నాడు. “ముసల్ది తల్లి కూకున్నాదంది. ఊరంతా దండమెట్టినారు, నువ్వూ ఎట్టినావు. సరే, కూకున్నాదేమోలే అనుకున్నాను. అదైతే మంచిదే గదా.” దాలికి తెలుసా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. మరి ఇక్కడికి ఎందుకొచ్చావురా, గంగులు చెప్పినవాడి దగ్గరికే పోదామని ఒక్క మాట అనకపోయావా అన్నాను. “నువ్వెతికినావు గదా. నువ్వెతికినదాన్ని వద్దన్నోడు మనింట్లో ఎవుడున్నాడు?” అని నవ్వబోయాడు. మూతి ఒక పక్కకే కదిలింది. ఆ నవ్వును కూడా నేను ఎన్నాళ్లుగానో చూస్తున్నాను.

“ఇంట్లో పిల్లలున్నారా?” అన్నారు డాక్టరుగారు.

ఒక పాప ఉంది అన్నాను నేను. పద్మకుమారి. బళ్లో మాస్టారు పెట్టిన పేరు. తండ్రి కంచంలోనే తింటుంది, తండ్రి పక్కనే పడుకుంటుంది. తీసుకురండి, చూడాలి, చిన్నతనంలోనే పట్టుకుంటే ఒక్క వేలు కూడా పోదు, అంటున్నారాయన. అప్పుడు నాకు చిలగడదుంపలు కనపడ్డాయి. మొన్న మా కళ్లంలో, బూడిదలో కప్పెట్టి కాల్చినవి, పుల్లతో లాగి పిల్లల ముందుకి దొర్లించాను. అందరూ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేస్తూ, ఊదుకుంటూ, గంతులేస్తూ గోల. అది ఒక్కతే దుంపను ఎడమ అరచేతిలో పెట్టుకుని, నిదానంగా తోలు వలుచుకుంటోంది. తండ్రి కూతురు అన్నాను. నవ్వాను. అందరికీ చూపించాను. తల ఎత్తితే ఎల్లాజీ నావైపే చూస్తున్నాడు. వాడు కూడా ఆ దుంపనే చూస్తున్నాడని తెలిసింది.

“నువ్వు నవ్వినావు బావ,” అన్నాడు. “నాను నవ్వనేదు.”

గది అలాగే ఉంది. కిటికీ, బల్ల, దూది, సూది మొన మీద ఎండిన చుక్క. గంగులు డాక్టరు దగ్గరికి పోవాలంటే ఈ సంగతి దాచాలి. దాచాలంటే ఆ ఆసుపత్రి గడప తొక్కకూడదు. తొక్కకూడదంటే పాప. వాడు నాకంటే ముందే అక్కడికి వెళ్లిపోయి నిలబడి ఉన్నాడు, నేను ఇంకా దారిలో ఉన్నాను. “రాసీండి బాబూ, అంతా రాసీండి,” అన్నాడు ఎల్లాజీ. డాక్టరుగారు నావైపు చూశారు. నేను వద్దనలేదు. ఆయన కాగితం ముందుకి లాక్కుని, పెన్ను మూత తీసి, “పేరు?” అన్నారు.

“పద్మకుమారి,” అన్నాడు ఎల్లాజీ.

పెన్ను ఆగింది. “నీ పేరు చెప్పవయ్యా. నీ కాగితానికి.”

“నాదెక్కడికి పోతాది. ముందు దానిది ఏసుకోండి బాబూ. రేపటి బండికి మా బావ తీసుకొత్తాడు.”

డాక్టరుగారు ఆ కాగితాన్ని పక్కకి జరిపి ఆసుపత్రికి రాయడానికి ఇంకోటి తీసుకున్నారు. పేరు రాశారు. “వయసు?” అన్నారు. ఎల్లాజీ నావైపు తిరిగి, “ఎంత బావ?” అన్నాడు. అది పుట్టిన రోజు నాకు తెలుసు. చోళ్లు నూరుస్తున్నాం, గాలి పడమటి నుంచి ఉంది, ఆడపిల్ల అని కబురొస్తే చేట కింద పెట్టి పరిగెత్తాను, ఎర్రావు ఆ పొద్దునే కట్టు తెంపుకుంది. అన్నీ గుర్తున్నాయి. ఆ పిల్ల వయసు మాత్రం నా నోటికి రాలేదు.